జోజి ఊపిరి లెక్క

ఆ సోమవారం కూడా అంకె కిందికే దిగింది.

ప్రయోగశాలలో కదలని సైకిలు ఎక్కి జోజి తొక్కుతున్నాడు. ముక్కునూ నోటినీ కప్పిన మెత్తటి తొడుగు, దాన్నుంచి నడుముకు కట్టిన, గాలి అందించే పెట్టె దాకా సన్నటి గొట్టం. పెట్టె టిఫిను డబ్బా అంత ఉంటుంది. అతని అక్క ఆగ్నేసు ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, తెరమీది గళ్లకేసి పళ్లు కొరుకుతోంది.

"ఇంకాస్త తొక్కు," అంది.

"గాలి చాలట్లేదక్కా," అన్నాడు జోజి తొడుగులోంచి.

"తెలుస్తోంది. చూస్తున్నాగా."

"నువ్వు దాన్ని చూస్తున్నావు. నేను చెప్పేది దీని సంగతి." వేలితో రొమ్ము మీద పొడుచుకున్నాడు. "లోపల బాగానే ఉంది. పెట్టే ఇవ్వట్లేదు."

ఈ మాట ఆగ్నేసుకు కొత్తది కాదు. విజయవాడ ఆటోనగర్లో ఇంజన్లు ట్యూనింగు చేసే షెడ్డు నడుపుతున్నప్పటి నుంచీ వింటూనే ఉంది. నల్లపొగ కక్కే బండిని తోసుకుంటూ తెచ్చి, "బండి బాగానే ఉంది మేడం, మీ మిషనే తప్పు చూపిస్తోంది," అనని మగాడు లేడు. ప్రతివాడికీ తన బండి మీద మమకారం. మిషనుకు మమకారాలు ఉండవు కనక ఆమె మిషనునే నమ్మేది.

తెరమీద జోజి పీల్పు లోతుగా పడుతోంది. అంత బలంగా పీలుస్తున్నా లోపలికి వెళ్లే గాలి మాత్రం కొంచెమే. ఊపిరితిత్తి ఇంకా బిగుసుకుపోతోందని దానికి అర్థం. పెట్టె తనంతట తానే గడిలో అంకెను, అంటే ఊపిరితిత్తి పట్టగలిగే గాలి లెక్కను, తగ్గించింది. పోయిన వారం నూటికి నలభై ఒకటి. ఇవాళ ముప్పై ఎనిమిది.

జోజి తొక్కడం ఆపి హ్యాండిలు మీద వాలిపోయాడు. అతని భుజాలు చెవుల దాకా లేచి దిగుతున్నాయి. పక్కనే నిలబడ్డ డాక్టర్ ఉమాపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈయన ఆ ప్రయోగశాల ఉన్న వైద్య కళాశాలలో ఊపిరితిత్తుల నిపుణుడు, పెట్టె తయారీలో ఆగ్నేసుకు భాగస్వామి. మంచి మనిషి. చెడ్డవార్త చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కళ్లజోడు తుడుచుకుంటాడు.

"ఇంక ఆలస్యం చెయ్యకూడదు ఆగ్నేసమ్మగారూ. గురువారం చేసేద్దాం," అన్నాడు.

గురువారం చేసేది ఆపరేషను. గొంతుకు రంధ్రం పెట్టి శాశ్వతంగా గొట్టం దించుతారు. ఆ గొట్టాన్ని మంచం పక్కన ఉండే పెద్ద యంత్రానికి తగిలిస్తారు. ఆ తర్వాత జోజి బతుకుతాడు. మాట మాత్రం సరిగా రాదు. నడక మంచానికీ స్నానాల గదికీ మధ్యే.

జోజి ఇదంతా విన్నాడు. ఎవరూ తనను అడగలేదని గమనించి, సైకిలు దిగి, గోడ పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

పెట్టె ఆగ్నేసు బుర్రలో పుట్టిందే. జోజి గుణదల దగ్గర ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. రెండేళ్ల కిందట బడి వెనక ఉన్న చేపల కోల్డ్ స్టోరేజిలో గొట్టం పగిలి అమ్మోనియా లీకైంది. ఈల నోట్లో పెట్టుకుని పిల్లల్ని గేటు దాటించినవాడు అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. లోపల పనిచేసే ఆడవాళ్లు అరుస్తుంటే తడిగుడ్డ మొహానికి చుట్టుకుని వెళ్లాడు. ముగ్గుర్ని లాక్కొచ్చాడు. నాలుగోసారి అతన్నే లాక్కొచ్చారు. అప్పటికి అతని భార్య లూర్దు కడుపుతో ఉంది.

ఊపిరితిత్తులు సగానికి పైగా కాలిపోయాయన్నారు. ఆసుపత్రి యంత్రం ఉంటే బతుకుతాడు, కానీ ఆ యంత్రాన్ని వీధిలోకి తీసుకెళ్లలేం. అది రోగి పీల్చే గాలిని నేరుగా కొలుస్తుంది. కొలిచే తీగ ఊపిరి ఆవిరికి, ఉమ్మికి తడిసి పాడవుతుంది. మంచం మీద ఉన్నవాడికైతే నర్సు తుడుస్తుంది. నడిచి తిరిగేవాడికి ఎవరు తుడుస్తారు?

ఆగ్నేసుకు ఇది పాత గొడవే. మోటారు సైకిళ్లలో గాలిని కొలిచే పరికరానికి చోటుండదు, ఉన్నా మన రోడ్ల దుమ్ముకు బతకదు. అందుకని అక్కడ కంప్యూటరు గాలిని కొలవదు, లెక్కకడుతుంది. గాలి గొట్టంలో పీడనం ఎంత, గాలి వేడి ఎంత, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది అన్న మూడు సంగతులు తెలిస్తే సిలిండరు ఒక్కో గుక్కలో ఎంత గాలి మింగిందో తేలుతుంది. అయితే ఏ సిలిండరూ ప్రతిసారీ కడుపునిండా మింగదు. ఏ వేగంలో, ఏ పీడనంలో నూటికి ఎంత మింగుతుందో గళ్లుగళ్లుగా నింపిన పట్టిక ఒకటి కంప్యూటరులో ఉంటుంది. దాన్ని బట్టే పెట్రోలు చల్లుతుంది. పట్టిక సరిగ్గా ఉంటే బండి గుర్రంలా పోతుంది, తప్పుగా ఉంటే దగ్గుతుంది. బండిని రోలర్ల మీద పరిగెత్తిస్తూ ఒక్కో గడినీ దిద్దడమే ఆగ్నేసు వృత్తి.

కరెంటు బండ్లు వచ్చి ఆ వృత్తి కొడిగడుతున్న రోజులవి. షెడ్డుకు పాత పెట్రోలు బండ్ల మీద పిచ్చి ఉన్నవాళ్లు తప్ప ఎవరూ రావడం లేదు. ఆగ్నేసు తన విద్యనంతా తమ్ముడి ఛాతీ మీద పెట్టింది. తొడుగులో పీడనం, ఊపిరి వేగం, గాలి వేడి తీసుకుని, జోజి ఊపిరితిత్తికి ఒక పట్టిక తయారుచేసింది. ఏ గుక్కకు అది ఎంత గాలి పట్టగలదో అంతే గాలి, ఆక్సిజను కలిపి, పెట్టె లోపలికి తోస్తుంది. జోజి దాన్ని కట్టుకుని మొదటిసారి వీధి చివరి దాకా నడిచి టీ తాగి వచ్చిన రోజున డాక్టర్ ఉమాపతి అందరి ముందూ ఏడ్చేశాడు. ఇంకా ఎంతమందికి పనికొస్తుందోనని పత్రికలవాళ్లు వచ్చారు.

ఆ పెట్టెలో ఆగ్నేసు ఒక నియమం పెట్టింది. గడిలో అంకె తగ్గవచ్చు. తొలిరోజు కొలిచినదాన్ని దాటి మాత్రం పెరగకూడదు. పెరిగినట్టు కనిపిస్తే తొడుగు పక్కనుంచి గాలి కారుతోందని లెక్క, ఆ కొలతను పారెయ్యాలి. ఇందులో తప్పేముంది? కాలిన ఊపిరితిత్తిలోకి పట్టేదానికన్నా ఎక్కువ తోస్తే చీలిపోతుందని డాక్టరే చెప్పాడు. అదీకాక ఆమె జీవితంలో అరిగిపోయే ఇంజన్లనే చూసింది. వాల్వు అరుగుతుంది, రింగు అరుగుతుంది. షెడ్డులో నిలబెట్టిన బండి తనంతట తాను బాగుపడి మర్నాటికి ఎక్కువ గాలి మింగిందని చెప్పేవాణ్ణి ఆటోనగర్లో ఎవరూ గడప తొక్కనివ్వరు. అందుకని ఆ నియమం గురించి ఆమె రెండోసారి ఆలోచించలేదు.

మంగళవారం సాయంత్రం గుణదలలో వాళ్లింటికి వెళ్లేసరికి లూర్దు ఆసుపత్రికి సంచి సర్దుతోంది. ఏడాదిన్నర పాప కింద కూర్చుని సర్దినవన్నీ తీస్తోంది. లూర్దు నర్సరీ బడిలో చెప్పేది. భర్తను కనిపెట్టుకుని ఉండటానికి మానేసింది. జోజి ఉద్యోగంలోకి బడివాళ్లు ఇంకొకణ్ణి తీసుకున్నారు. ఈ మధ్య పెట్టె ఇచ్చే గాలి కూర్చోవడానికే సరిపోతోంది. పాపకు నడక వచ్చింది, అతను కుర్చీలోంచి చూశాడు.

"నేను రాను," అన్నాడు జోజి.

"అదే మాట పొద్దుట్నుంచీ," అంది లూర్దు. "మీరైనా చెప్పండి వదినా. నా నోరు నొప్పెడుతోంది."

"ఏంట్రా నీ గోల?" అంది ఆగ్నేసు.

"గోల కాదు. నాకు తగ్గుతోంది అంటే మీరెవరూ వినరేం? నీ పెట్టె గాలి ఆపేస్తోంది. సగం గుక్క పడగానే చాలంటది. ఇంకా పడుతుంది లోపల, ఇంకా చోటుంది. నాకు తెలియదా?"

"నీకు అనిపిస్తది. ఊపిరితిత్తి బిగుసుకున్నోళ్లందరికీ అలాగే ఉంటదని డాక్టరు గారు చెప్పారు కదా."

"ఆయనకి ఎవరు చెప్పారు?"

"పెట్టె చెప్పింది."

"పెట్టెకి?"

ఆగ్నేసుకు ఒళ్లు మండింది. ఎవరి కోసం ఇంత పాట్లు పడుతున్నట్టు? షెడ్డు మూలన పడింది, కళ్ల కింద నల్లచారలు వచ్చాయి, వారం వారం ఆ అంకె దిగడం చూస్తూ కూర్చోవాల్సి వస్తోంది. వీడేమో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు.

"మరి పెట్టె తీసేసి గుణదల కొండెక్కావుగా పోయిన ఈస్టరు ముందు, తపస్సు కాలంలో. ఏమైంది?" అంది. "మెట్ల మీద పడిపోయి పెదాలు నల్లబడితే ఎవరు మోసుకొచ్చారు నిన్ను? ఇంకా నువ్వే చెప్పాలా?"

జోజి తొడుగు సరిచేసుకున్నాడు. రెండు గుక్కలు పీల్చుకుంటే గానీ మాట రాలేదు.

"పడ్డానని చెబుతారు మీరంతా," అన్నాడు నెమ్మదిగా. "సగం కొండ ఎక్కానని ఒక్కరూ చెప్పరు."

లూర్దు చేతిలోని తువ్వాలు సంచిలో పెట్టబోయి ఆగింది. ఆగ్నేసు ఆ మాట విన్నది, వినీ వదిలేసింది. మొండివాడి మాటలకు అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే గురువారం ఆగుతుందా? పాపను ఎత్తుకుని ముద్దుపెట్టుకుని, "రేపు మధ్యాహ్నం చేరాలి. లూర్దూ, వీడేమన్నా నువ్వు వినకు," అని చెప్పి వచ్చేసింది. దారంతా ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే రోడ్డు కనబడదని బిగపట్టుకుంది.

బుధవారం ఉదయం షెడ్డుకు వెళ్లకుండా ఉండాల్సింది. కానీ తెనాలి నుంచి పూర్ణచంద్రరావు వస్తానని ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది, తండ్రినాటి పెట్రోలు మోటారు సైకిలు ఉంది. పెళ్లాన్ని కూడా అంత బాగా చూసుకోడని స్టూడియోలో అందరూ అంటారు. ఆ బండి ఈమధ్య ఎత్తు ఎక్కితే ఆయాసపడుతోందట.

"మూడు షెడ్లు తిప్పానమ్మా," అన్నాడాయన. "ఇంజను అయిపోయిందన్నారు. పెట్రోలు తగ్గించి నెమ్మదిగా నడుపుకోమన్నారు. తగ్గించిన కొద్దీ ఇంకా దగ్గుతోంది."

ఆగ్నేసు బండిని రోలర్ల మీదికి ఎక్కించి కట్టేసింది. వేగం పెంచుతూ తెరకేసి చూసింది. నిజమే, పెట్రోలు చాలక ఇంజను గొంతు ఎండిపోతోంది. గడిలో ఎనభై ఉంటే ఎనభై ఎనిమిది వేసింది. కాస్త కుదురుకుంది. తొంభై ఆరు వేసింది. ఇంకా అడుగుతోంది. నూట ఐదు వేసేసరికి దగ్గు ఆగి, బండి కమ్మగా పాడింది.

ఆమె వేగం తగ్గించి ఇంజను ఆపేసింది. నూటికి నూట ఐదు. మామూలు బండి సిలిండరు తన కడుపు పట్టేదానికన్నా ఎక్కువ మింగదు. మింగుతోందంటే కడుపు మనం అనుకున్నంత లేదని అర్థం, అంతకన్నా పెద్దది. ఇందులో ఆలోచించడానికేం లేదు.

"ఏవండీ, సిలిండరు తొలిపించి బోరు పెద్దది చేయించారా దీనికి?" అంది.

పూర్ణచంద్రరావు నేలచూపులు చూశాడు. "గుంటూరులో చేయించాను లెండి. పెద్ద పిస్టను వేయించా. రవాణా ఆఫీసువాళ్లకి తెలిస్తే గొడవని ఎవరికీ చెప్పలా. మీరెలా కనిపెట్టారు?"

"కనిపెట్టడానికేముంది? బండే చెబుతోందిగా, ఇంకా తాగుతాను, నా కడుపు పెద్దదయిందని. పాత లెక్కలో మీరు దాన్ని మాడుస్తున్నారు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె మళ్లీ తెరమీది గడికేసి చూసింది. పూర్ణచంద్రరావు ఏదో అడిగాడు. ఆమెకు వినబడలేదు. చేతిలో ఉన్న పానా బల్లమీద పెట్టబోతే జారి పాదం మీద పడింది. అదీ తెలియలేదు.

రెండు నిమిషాలు పట్టలేదు ఆ బండిని నమ్మడానికి. నోరులేని ఇనుము అడిగిందని గడి తర్వాత గడి పెంచుకుంటూ పోయింది. నిజం దాచిన యజమానిని పక్కకు నెట్టి బండి మాటే వింది. అక్కడ ఇంట్లో నోరున్న మనిషి, తన తోడబుట్టినవాడు, లోపల ఇంకా చోటుందక్కా అని వేడుకుంటుంటే, పెరిగినట్టు ఏ కొలత వచ్చినా పారెయ్యమని పెట్టెకు తానే చెప్పింది. గాలి చాలక వాడు బలంగా పీలిస్తే, ఊపిరితిత్తి బిగుసుకుపోయిందని పెట్టె గాలిని ఇంకా కోసింది. కోసిన కొద్దీ వాడు ఇంకా పీల్చాడు. పీల్చిన కొద్దీ ఇంకా కోసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ కాస్తా ఊడే రోజు రేపే.

"మీరు తలుపు దగ్గరగా వేసి వెళ్లండి," అని పూర్ణచంద్రరావుకు చెప్పి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆగ్నేసు కుంటుకుంటూ ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో జోజిని అప్పటికే గదిలో చేర్చారు. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, ఇప్పుడే కాస్త తినమని లూర్దు బతిమాలుతోంది, అతను మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. ఆగ్నేసు గదిలోకి వచ్చి ఎవరినీ పలకరించకుండా పెట్టెకు తీగ తగిలించింది. డాక్టర్ ఉమాపతి వెనకే వచ్చాడు.

"ఏం చేస్తున్నారు మీరు?"

"పైన పెట్టిన హద్దు తీసేస్తున్నా."

"తీస్తే చీలిపోతుంది. ఆ హద్దు ఎందుకు పెట్టామో మీకు తెలుసు."

"తెలుసు డాక్టరు గారూ. వీడి ఊపిరితిత్తి తొలిరోజు ఎంతుందో ఎప్పటికీ అంతే అని పెట్టాం. అది పెరిగి ఉంటే?"

"పెరగదు. కాలినచోట మచ్చ కట్టింది. మొన్న తీసిన ఎక్స్‌రే ఫొటోలో కూడా మచ్చలన్నీ అలాగే ఉన్నాయి."

"మచ్చలు ఉన్నాయి. మచ్చల మధ్య ఏముందో ఫొటోలో కనబడుతుందా?"

ఆగ్నేసు కిటికీలో లూర్దు తాగి పెట్టిన కొబ్బరి బోండాం, తాగే గొట్టంతో సహా, చేతిలోకి తీసుకుంది.

"ఈ గొట్టానికి లేత కొబ్బరి మీగడ అడ్డం పడితే ఎంత పీల్చినా నీళ్లు రావు, బుగ్గలు లోపలికి పోతాయి. అడ్డం పడకపోయినా, పెద్ద గుటక వేసేవాడికి సన్నగొట్టం ఇస్తే అప్పుడూ బుగ్గలు లోపలికే పోతాయి. మన పెట్టె చూసేది బుగ్గల్నే. మొదటిదే తప్ప రెండోది ఉండదని దానికి నేను చెప్పా. ఊపిరితిత్తి బిగుసుకోలేదు డాక్టరు గారూ. గొట్టం సన్నమయింది. సన్నం చేసింది నేను."

ఉమాపతి కళ్లజోడు తీశాడు. తుడవలేదు, చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. "పెరగదని చెప్పింది నేను కూడా కదా," అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని జోజి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాడు. "కొంచెం కొంచెంగా పెంచండి. నేను ఆపమంటే ఆపాలి."

ముప్పై ఎనిమిది నలభై అయింది. జోజి కళ్లు తెరిచాడు. నలభై నాలుగు. అతను ఇటు తిరిగి వెల్లకిలా పడుకున్నాడు. ఆగ్నేసు గడి తర్వాత గడి దిద్దుకుంటూ పోయింది. యాభై దాటింది. తొలిరోజు అంకె అదే, అక్కడే హద్దు ఉండేది. డాక్టరు కళ్లు మూసుకుని వింటున్నాడు, ఆపమనలేదు. యాభై ఎనిమిది. అరవై మూడు. జోజి భుజాలు చెవుల దగ్గరనుంచి దిగివచ్చాయి. పీల్పు లోతు తగ్గి, గీత నున్నగా సాగింది. అరవై ఆరు దగ్గర అతను ఇంకా అడగలేదు.

"ఏ చప్పుడూ లేదు," అన్నాడు ఉమాపతి. "బాగా వెళ్తోంది. కింద దాకా వెళ్తోంది." లేచి బయటికి వెళ్లి, గురువారం ఆపరేషను రద్దు చెయ్యమని ఎవరికో చెప్పడం తలుపులోంచి వినిపించింది.

లూర్దు మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. ఆగ్నేసు కూడా సంతోషపడాలి. గెలిచినట్టే కదా, తమ్ముడి గొంతు తమ్ముడికి మిగిలింది. కానీ తన మీద తనకు పుట్టిన కోపం ఆమెను సంతోషపడనివ్వడం లేదు.

జోజి గాలి తింటున్నట్టు చాలాసేపు పీల్చుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఎప్పట్నుంచి అక్కా?"

"ఏంటి?"

"ఎప్పట్నుంచి బాగవుతోంది నాకు?"

ఆగ్నేసు ల్యాప్‌టాప్ వైపు చూసి, చూపు తిప్పుకుంది. "తెలీదురా."

"నీ పెట్టెలో అన్నీ ఉంటాయన్నావుగా. నేను దగ్గినా ఉంటదన్నావు."

"దగ్గులన్నీ ఉన్నాయి. ఇది లేదు. పెరిగిన కొలత ఏదొచ్చినా పారెయ్యమన్నా. పారేసింది."

"నాకు తెలుసు," అన్నాడు జోజి. "పాపకి పళ్లొచ్చేటప్పుడు. జొరం, ఒకటే ఏడుపు. లూర్దు నిద్రపోతోందని నేనే ఎత్తుకుని మేడ మీదికి వెళ్లా. మెట్లన్నీ ఎక్కి, పైన అటూ ఇటూ తిప్పి, దాన్ని నిద్రపుచ్చి దిగొచ్చా. ఆ రోజు పెట్టె ఇచ్చేదానికంటే నేనే ఎక్కువ పీలుస్తున్నా. దిగగానే నీకు ఫోను చేశా. అక్కా, మెట్లెక్కానే అని."

ఆగ్నేసుకు ఆ ఫోను గుర్తుంది. ఏ బండి కిందనో పడుకుని మాట్లాడింది.

"ఏమన్నానో చెప్పొద్దురా," అంది.

"తొడుగు వదులైనట్టుంది, పట్టీ బిగించుకో అన్నావు. బిగించుకున్నా."

లూర్దు ఏడుపు ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పాప పాకింది, నిలబడింది, నడిచింది. బడిలో కొత్త మాస్టారు వచ్చాడు. లూర్దు ఉద్యోగం మానేసింది. మేడ మెట్లెక్కిన మనిషి కుర్చీలో ఎండిపోయాడు. ఇవన్నీ ఆ గదిలో ముగ్గురికీ ఒకేసారి తెలిశాయి.

డాక్టరు తిరిగి వచ్చాడు. "ఒక్కసారి తొడుగు తీసి చూద్దామా? కాసేపే. ఛాతీ కండరాలు నీరసించి ఉంటాయి, అలవాటు కావడానికి టైం పడుతుంది. అయినా చూద్దాం."

జోజి తానే పట్టీ విప్పుకున్నాడు. తొడుగు ఊడివచ్చిన చోట బుగ్గల మీద ఎర్రటి వాతలు తేలాయి. మొదటి గుక్కకు అతని మొహం ముడుచుకుంది. రెండోది నిలిచింది. ఆగ్నేసు కళ్లు వాటంతట అవే తెరమీదికి పోయాయి. అతని వేలికి తగిలించిన, రక్తంలో ఆక్సిజను చూపే సెన్సరు అంకె చూడబోయింది, తగ్గితే ఏ గడి దిద్దాలో అప్పుడే లెక్కకడుతోంది.

జోజి చెయ్యి చాచి ల్యాప్‌టాప్ మూత మూసేశాడు.

"దాన్నడక్కు," అన్నాడు.

ఆగ్నేసు ఆ మూత మీద రెండు చేతులూ పెట్టింది. తెరవలేదు. ఏం చెయ్యాలో తోచక మంచం దగ్గరికి జరిగింది.

"ఎలా ఉందిరా?" అంది. ఆ ప్రశ్న ఆమె నోటికి అలవాటు లేదు.

జోజి ఆమెకేసి చూశాడు. ఆ చూపులో ప్రేమ లేకపోలేదు, కానీ క్షమించడం ఇంకా మొదలవలేదు. ఒక గుక్క పీల్చి వదిలాడు. ఇంకోటి పీల్చి, కాసేపు లోపలే ఉంచుకున్నాడు.

"చెబుతాలే," అన్నాడు. "తొందరేముంది? నేను ఏడాది ఆగలా?"

కిటికీవైపు తిరిగి పడుకుని ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. లూర్దు అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆగ్నేసు మంచం పక్కన నిలబడి, అతను చెప్పేదాకా అక్కడే ఉంది.